పట్టాల కొట్టులో సముద్రం పటం: కొపర్నికస్ ముందస్తు అంచనాలు వాడి చూశాక

గుంటూరు పట్నం బజార్లో మాది టార్పాలిన్ పట్టాల కొట్టు. నాన్న పెట్టింది, ఇరవై రెండేళ్లుగా నేను చూసుకుంటున్నాను. ఏడాది అమ్మకాల్లో సగం పైన అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే జరుగుతాయి. వరి కుప్పలకి, పత్తికి, ఆ తర్వాత మిరప కల్లాలకి. సరుకు మాత్రం ఆగస్టులోనే చెప్పుకోవాలి. ఎక్కువ తెప్పిస్తే వానల్లేని ఏడు బేళ్లన్నీ గోడౌన్లో పడి ఉంటాయి, తెచ్చిన డబ్బుకి నూటికి రెండు రూపాయల వడ్డీ పెరుగుతూ ఉంటుంది. తక్కువ తెప్పిస్తే, తుపాను వార్త విని ట్రాక్టరేసుకుని వచ్చిన రైతుని ఉత్త చేతులతో పంపాలి. మొదటిది భరించగలను. రెండోది నా వల్ల కాదు.

మా అక్క కొడుకు ఆంధ్రా యూనివర్సిటీలో సముద్రాల గురించి చదువుకున్నాడు. 2023 వేసవిలో ఇంటికొచ్చినప్పుడు నా టెన్షన్ చూసి, "మావయ్యా, పంచాంగం తర్వాత చూద్దువు గానీ ముందు ఇది చూడు" అని కొపర్నికస్ వాళ్ల పటాలు ఫోన్లో తీసి చూపించాడు. అప్పటి నుంచి ప్రతి నెలా చూస్తున్నాను. నాలాంటి వాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కొపర్నికస్ యూరోపియన్ యూనియన్ కార్యక్రమం. అందులో వాతావరణ సేవల విభాగాన్ని నడిపేది ఈసీఎమ్‌డబ్ల్యూఎఫ్ అనే యూరప్ వాతావరణ కేంద్రం. నెలకోసారి, రాబోయే నెలల్లో సముద్రం పైనీళ్లు ఎంత వెచ్చగా ఉండొచ్చో కంప్యూటర్ మోడళ్లతో లెక్కేసి పటాలు పెడతారు. యూరప్ కేంద్రంతో పాటు బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, కెనడా వాళ్ల లెక్కలూ పక్కపక్కనే ఉంటాయి. పటాలు చూడటానికి పైసా కట్టక్కర్లేదు.

లెక్క ఎలా వేస్తారో తెలుసుకున్నాకే నాకు దీని మీద గురి కుదిరింది. యూరప్ వాళ్ల సీస్5 మోడల్ 2017 చివర్లో మొదలైంది. సముద్రాన్నంతా గళ్లుగా కోసుకుంటుంది. మన దగ్గర ఒక్కో గడి సుమారు 28 కిలోమీటర్లు, అంటే గుంటూరుకీ విజయవాడకీ మధ్య దూరం కన్నా కాస్త తక్కువ. పైనుంచి అడుగు దాకా 75 పొరలు. ప్రతి గడిలో, ప్రతి పొరలో ఎండ ఎంత పడింది, గాలి ఎంత లాగింది, ఆవిరై ఎంత పోయింది, పక్క గడి నుంచి ఎంత నీరు వచ్చింది అని జమాఖర్చు రాసుకుంటూ ఏడు నెలలు ముందుకి పోతుంది. చిట్టా పుస్తకం రాసేవాడికి ఇది ఇట్టే అర్థమవుతుంది.

మరి మొదటి రోజు నిల్వ ఎంతో తెలియాలి కదా? దానికి ఉపగ్రహాలున్నాయి, నీళ్లలో తేలుతూ మునుగుతూ కొలతలు తీసే ఆర్గో బోయలున్నాయి. ప్రపంచ సముద్రాల్లో ఈ బోయలు నాలుగు వేలకి దగ్గరగా ఉన్నాయి. పది రోజులకోసారి రెండు కిలోమీటర్ల లోతుకి దిగి, పైకొస్తూ వేడినీ ఉప్పునీ కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. మన దేశం తరఫున ఆ వివరాలు చూసేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం. ఇంత కొలిచినా అంత పెద్ద సముద్రంలో ప్రతి మూలా తెలియదు. అందుకని మొదటి నిల్వని కొద్ది కొద్దిగా మార్చి అదే లెక్కని 51 సార్లు వేస్తారు. ఒక్కో లెక్కకీ ఒక్కో సన్నని గీత.

ఈ 51 గీతల బొమ్మే మొత్తం సేవలో నాకు ప్రాణం. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్య, భూమధ్యరేఖకి అటూ ఇటూ ఉన్న ఒక పట్టీని నినో 3.4 అంటారు. అక్కడి నీళ్లు మామూలు కన్నా అర డిగ్రీ దాటి వెచ్చగా, అదీ కొన్ని నెలల పాటు ఉంటే ఎల్ నినో. అంతే చల్లగా ఉంటే లా నినా. బొమ్మలో గీతలన్నీ ఎడమవైపు ఒక్కచోట మొదలై, కుడివైపుకి పోయేకొద్దీ విచ్చుకుంటాయి. కొబ్బరి చీపురు కట్టలాగే ఉంటుంది. మొదట్లో నేను మధ్య పుల్ల ఎక్కడికి పోతోందో అదొక్కటే చూసేవాణ్ణి. "అది కాదు మావయ్యా, కట్ట ఎంత విచ్చుకుందో చూడు" అన్నాడు మావాడు. పుల్లలన్నీ బిగుతుగా ఒకే పక్కకి వంగితే నమ్మి డబ్బు పెట్టొచ్చు. సగం పైకి, సగం కిందకి పోతే ఆ నెల సముద్రమే ఇంకా తేల్చుకోలేదన్నమాట. అప్పుడు నేను మామూలు ఏటి సరుకే చెబుతాను.

2023 జూలైలో చీపురు మొత్తం ఎల్ నినో గీత దాటి పైన ఉంది. అక్టోబరు, నవంబరు పటంలో హిందూ మహాసముద్రం పడమట ఆఫ్రికా వైపు ఎరుపు, అంటే మామూలు కన్నా వెచ్చన; తూర్పున సుమత్రా దగ్గర నీలం, అంటే చల్లన. దాన్ని ఇండియన్ ఓషన్ డైపోల్ అంటారు. ఎల్ నినో నైరుతి వానలకి మంచిది కాదు. కానీ ఈ రెండూ కలిస్తే అక్టోబరు తర్వాత దక్షిణాదిలో వానలు ఎక్కువ పడే వైపు మొగ్గు ఉంటుంది. ఆ ఆగస్టులో దేశం మొత్తం మీద పడిన వాన 1901 నుంచి ఏ ఆగస్టులోనూ లేనంత తక్కువ. బజార్లో అందరూ సరుకు తగ్గించుకున్నారు. నేను ముప్పై బేళ్లు ఎక్కువ చెప్పాను.

డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపాను వస్తుందని ఆ పటం చెప్పిందని నేను అనను. చెప్పలేదు, అది చెప్పే పనీ కాదు. కానీ నాలుగో తేదీ రాత్రి పొన్నూరు, చెరుకుపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లకి నా దగ్గర పట్టాలున్నాయి. ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి తడిసిన వరి వెన్ను తీసి నా బల్ల మీద పెట్టి, "కోసి పనల మీదే ఉంది నాయనా, రెండెకరాలదే కుప్పేయగలిగాం" అన్నాడు. గింజ నొక్కితే ఇంకా గట్టిగానే ఉంది. 24 బై 18వి ఆరు తీసుకెళ్లాడు. డబ్బులు సంక్రాంతికి ఇచ్చాడు.

ఇక జాగ్రత్తలు. మార్చి నుంచి మే దాకా వచ్చే బొమ్మల మీద బేరం పెట్టుకోవద్దు. ఆ నెలల్లో పసిఫిక్‌లో గాలికీ నీటికీ పట్టు సడలి ఉంటుంది, ఏ చిన్న కదలికైనా కథ మారిపోవచ్చు. 2024 వేసవిలో లా నినా త్వరలోనే వస్తుందని చాలా మోడళ్లు చూపించాయి. చివరికి డిసెంబరులో వచ్చింది, అదీ బలహీనంగా. అందుకే నేను జూలై, ఆగస్టు బొమ్మల దాకా ఆగుతాను.

పటంలో ఎరుపు కనపడగానే నీళ్లు మరుగుతున్నాయని భయపడొద్దు. ఆ నెలకి 1993 నుంచి 2016 దాకా ఉన్న సగటు కన్నా ఎక్కువ అని మాత్రమే దాని అర్థం. మన బంగాళాఖాతం మే నెలలో మామూలుగానే 30 డిగ్రీల దగ్గర ఉంటుంది.

బంగాళాఖాతం రంగుల్ని నేను పెద్దగా పట్టించుకోను. వానాకాలంలో గంగ, గోదావరి, కృష్ణ తెచ్చిపోసిన మంచినీరు పాల మీద మీగడలా పైన తేలుతుంది. అక్టోబరు తర్వాత తీరం వెంట ప్రవాహం దక్షిణానికి తిరిగి ఆ నీటిని మన ఒడ్డు పక్కగా లాక్కుపోతుంది. ఆ పల్చటి పొర కింద వేడి దాక్కుని ఉంటుంది. 28 కిలోమీటర్ల గళ్లకి అంత సన్నటి సంగతి సరిగ్గా చిక్కదు.

ఒక ఊరి గురించీ, ఒక రోజు గురించీ దీన్ని అడగొద్దు. 2024 ఆగస్టు 31 రాత్రి బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లో మా చెల్లెలి ఇంట్లో నడుం లోతు నీళ్లొచ్చాయి. అలాంటిది ఏ ఋతువుల పటంలోనూ కనపడదు. దానికి వాతావరణ శాఖ రోజువారీ హెచ్చరికలే దిక్కు. వేటకెళ్లే నిజాంపట్నం వాళ్లకైతే అలలకీ గాలికీ ఇన్‌కాయిస్ ఇచ్చే ముందస్తు సమాచారం ఎంతో మేలు.

ఈ తేడా తెలియకముందు ఒక వాట్సాప్ సర్వీసుకి మూడు వేలు కట్టాను. పేరు అనవసరం. "నవంబరు 14న తుపాను" అని సెప్టెంబరులోనే తేదీ వేసి పంపారు. ఆ రోజు ఆకాశం అద్దంలా ఉంది. తర్వాత చూస్తే వాళ్లు పంపిన బొమ్మలు ఎక్కడివో కావు, ఉచితంగా దొరికే పటాలకే కింద తేదీలు రాసి అమ్ముతున్నారు. రెండు నెలల ముందు తేదీ చెప్పేవాళ్లకి రూపాయి కూడా ఇవ్వకండి.

కొపర్నికస్‌లో ఒక్క లోటు నన్ను బాధపెడుతుంది. అంతా ఇంగ్లీషే. మన వాతావరణ శాఖ తన సొంత మోడల్‌తో ఎల్ నినో, డైపోల్ సంగతులు ప్రతి నెలా చెబుతూనే ఉంది. ఆ నాలుగు వాక్యాలూ ఆ చీపురు బొమ్మా తేట తెలుగులో మిర్చి యార్డు గేటు దగ్గర అంటిస్తే ఎంతమందికి ఉపయోగమో! నాలుగున్నర స్టార్లు ఇస్తాను. ఆ సగం తెలుగు లేనందుకు పట్టుకున్నాను.

నా వంతుగా ప్రతి నెలా బొమ్మ ప్రింటు తీయించి గల్లాపెట్టె పక్కన అంటిస్తున్నాను. మొదట్లో ఎవరూ చూసేవాళ్లు కాదు. ఇప్పుడు తాడికొండ నుంచి వచ్చే ఒకాయన కొట్టు మెట్టెక్కుతూనే, పట్టా ధర అడగడానికి ముందే, "ఏమయ్యా, ఈ నెల చీపురు ఎట్లా విచ్చింది?" అని అడుగుతాడు. ఇద్దరం కళ్లజోళ్లు పెట్టుకుని చూస్తాం.