ఒక్క పద్యానికి మూడు ఆదివారాలు

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక మేడ మీద ఆదివారం ఉదయం జరిగే పద్యాల క్లాసు ఇది. ఫీజు నెలకు 300 రూపాయలు. అలంకారాలంటే నాకు పదో తరగతి పరీక్షల టెన్షనే గుర్తొచ్చేది.

మాస్టారు పోతన భాగవతంలోని 'లలితస్కంధము' అనే మత్తేభ పద్యం తీసుకుని బోర్డు మీద చెట్టు గీశారు. భాగవతమే కల్పవృక్షం. స్కంధమంటే చెట్టు బోదె, గ్రంథంలో భాగం కూడా. వేరు కృష్ణుడు. శుకమంటే కొమ్మ మీది చిలక, కథ చెప్పిన శుకమహర్షి కూడా. ద్విజులంటే పక్షులూ, విప్రులూ. పోలిక ఒక్క మాటతో ఆగకుండా వేరు నుంచి పండు దాకా సాగింది కాబట్టి దీన్ని సావయవ రూపకం అంటారట. వ్యాసుడు ఆ చెట్టుకు ఆలవాలం, అంటే పాదు. అక్కడ నాకు కళ్లు చెమర్చాయి. మా నాన్న వేసవిలో కొబ్బరి మొక్కలకు పాదులు చేసి, నీళ్లు నిలిపి, అక్కడే కూర్చునేవారు. ఇన్నేళ్లు ఆ పద్యం అప్పజెప్పాను కానీ ఆ పాదు నాకు కనిపించలేదు.

గణాలు, అంటే పద్యపాదాన్ని కొలిచే గురులఘువుల గుంపులు, మాత్రం హడావిడిగా ముగించారు, ఇంకో వారం ఇవ్వాల్సింది. ఫ్యాన్ చప్పుడుకి వెనక వరసలో సరిగా వినపడదు, ముందు కూర్చోండి. నేను వచ్చే నెలకు కూడా కట్టేశాను.