పదో ఇన్నింగ్స్‌లో రన్నరా, పాత పద్ధతా, టైయా: ఏది మేలు?

ఏప్రిల్‌లో బేస్‌బాల్ సీజన్ ఊపందుకుందంటే చాలు, నాకు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "స్కోరు సమానం, పదో ఇన్నింగ్స్ ఇంకా మొదలే కాలేదు, రెండో బేస్ మీద మనిషి ఎక్కడినుంచి ఊడిపడ్డాడండీ? ఇదేం న్యాయం?" ఎక్కడినుంచంటే, బేస్‌బాల్ ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదాంట్లో రెండు జట్లూ ఒకదాని తర్వాత ఒకటి మూడేసి అవుట్లదాకా బ్యాటింగ్ చేస్తాయి. అప్పటికీ స్కోరు సమానమైతే పదోదాన్నుంచి, బ్యాటింగ్‌కు దిగే జట్టు కిందటి ఇన్నింగ్స్‌లో చివర బ్యాటింగ్ చేసినవాణ్ని తెచ్చి రెండో బేస్ మీద రన్నర్‌గా నిలబెడతారు. అక్కడినుంచి మూడో బేస్ మీదుగా హోమ్ చేరితే పరుగు. అమెరికాలో పైస్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో కోవిడ్ ఏడాది 2020లో తాత్కాలికమని పెట్టిన ఈ రూలును 2023లో శాశ్వతం చేశారు. న్యాయమా కాదా అన్నదానికి మాత్రం ఒక్క ముక్కలో జవాబు లేదు. పాత పద్ధతితోనూ, జపాన్ పద్ధతితోనూ పక్కపక్కన పెట్టి చూస్తే కానీ తేలదు.

పాత పద్ధతి మీద నాకూ మోజు ఉంది, దాచుకోను. ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడాల్సిందే. 1984 మేలో చికాగో వైట్ సాక్స్, మిల్వాకీ బ్రూవర్స్ 25 ఇన్నింగ్స్ ఆడాయి. మొత్తం 8 గంటల 6 నిమిషాలు. ఒక రాత్రికి పూర్తికాక మర్నాడు కొనసాగించారు. ఆ చివరి ఇన్నింగ్స్‌లో బంతులు వేసి గెలుపు తన ఖాతాలో వేసుకున్న పిచర్ (బంతి వేసేవాడు) టామ్ సీవర్, ఆ రోజే జరగాల్సిన అసలు ఆటకూ పిచర్‌గా దిగి దాన్నీ గెలిచాడు. కిందిస్థాయి మైనర్ లీగ్‌లో అయితే 1981లో పాటకెట్, రోచెస్టర్ జట్లు తెల్లవారుజామున నాలుగు దాటేదాకా 32 ఇన్నింగ్స్ ఆడి, మిగిలిన ఒక్కటీ జూన్‌లో ముగించాయి. ఆ తెల్లవారుజామున స్టేడియంలో మిగిలిన ప్రేక్షకులు 19 మంది.

చెప్పుకోవడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. ఏది మేలో తేల్చేది మాత్రం ఆ రాత్రి కాదు, మర్నాడు. చర్చల్లో అందరూ ఆట ఎంతసేపు సాగిందనే చూస్తారు, రేపు బంతి ఎవరు వేస్తారన్నది ఎవరికీ పట్టదు. సీజన్‌కు 162 ఆటలు, అదీ ఆరు నెలల్లో. దాదాపు రోజూ ఆటే. జట్టులో 26 మంది, అందులో పిచర్లు 13 మందికి మించకూడదు. వాళ్లలో ఆట మొదలుపెట్టే ఐదుగురిని తీసేస్తే బుల్‌పెన్‌లో, అంటే ఆట మధ్యలో దిగే పిచర్లలో, మిగిలేది ఎనిమిది మంది. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికే ముగ్గురో నలుగురో అయిపోయి ఉంటారు. ఆట పద్నాలుగు, పదిహేను ఇన్నింగ్స్‌కు పోయిందంటే బుల్‌పెన్ మొత్తం ఖాళీ. రేపు సాయంత్రం ఏడింటికి మళ్లీ ఆట, ఒక్కోసారి వేరే ఊళ్లో.

అప్పుడు మేనేజర్ చేసే పని ఒకటే. మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కింద ఆడే తమ ట్రిపుల్ ఏ జట్టుకు ఫోన్ కొట్టి, చేయి అలసిపోని పిచర్ని రప్పించడం. ఒకడు వస్తే ఒకడు పోవాలి. పోయేది ఎవరు? రాత్రి మూడు ఇన్నింగ్స్ వేసి ఆటను నిలబెట్టిన కుర్రాడే, ఎందుకంటే ఇంకో మూడు రోజులు వాడి చేయి పనికిరాదు. ఒకసారి కిందికి పంపిన పిచర్ 15 రోజులదాకా తిరిగి రాకూడదు, ఎవరైనా గాయపడితే తప్ప. 2025లో మేజర్ లీగ్ కనీస జీతం 7,60,000 డాలర్లు, అంటే సీజన్‌లో రోజుకు నాలుగు వేల పైచిలుకు. కింద వచ్చేది అందులో చిన్న భాగం. మా డాలస్ వైపు టెక్సస్ రేంజర్స్ కుర్రాడైతే, బాగా ఆడినందుకు దక్కేది ఆ ట్రిపుల్ ఏ జట్టుండే రౌండ్ రాక్ ప్రయాణం. స్టాండ్స్‌లో కూర్చుని "ఇంకా ఆడండి" అని అరిచే మనకు ఈ లెక్క కనిపించదు.

రన్నర్ రూలు ఈ బెడదను చాలావరకు తీర్చింది. ఇప్పుడు ఎక్కువ ఆటలు పది, పదకొండులోనే తేలిపోతున్నాయి. ఈ రూలు వచ్చిన కొత్తలో, 2021 ఆగస్టులో శాన్ డియెగోలో డాడ్జర్స్, పాడ్రేస్ 16 ఇన్నింగ్స్ ఆడితేనే అబ్బో అన్నారు. ప్రేక్షకుడికీ లాభమే. పదో ఇన్నింగ్స్‌లో మొదటి బంతినుంచే ప్రమాదం కనిపిస్తుంటే లేచి పార్కింగ్ వైపు నడిచేవాడు ఉండడు. హైదరాబాద్‌లో పొద్దున్నే ఐదున్నరకు లేచి చూసేవాళ్లు పిచర్ బంతి వేయడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ పుణ్యమా అని ఎనిమిదింపావుకల్లా స్నానానికి వెళ్లగలుగుతున్నారు. అదనపు ఇన్నింగ్స్ వచ్చినా ఆఫీసు తప్పదు కదా.

కానీ ఒక్కసారి దగ్గరనుంచి చూడండి. పదో ఇన్నింగ్స్ రెండో సగం, స్కోరు సమానం. మొదటి బ్యాటర్ బంట్ చేసి, అంటే బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తాకించి, తాను అవుటవుతాడు, రన్నర్ మూడో బేస్‌కు చేరతాడు. రెండోవాడు బంతిని లోతుగా లేపుతాడు, ఫీల్డర్ పట్టేస్తాడు, క్రికెట్‌లోలా కాకుండా క్యాచ్ పట్టాక పరుగెత్తొచ్చు కాబట్టి రన్నర్ పరుగెత్తి హోమ్ తాకేస్తాడు. ఆట అయిపోయింది. హిట్ లేదు, వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా దక్కే బేస్) లేదు, పొరపాటు లేదు. పిచర్ ఎదుర్కొన్న ఇద్దరినీ అవుట్ చేశాడు, ఓటమి మాత్రం అతని పేరు మీదే పడింది. పిచర్ ఇచ్చిన పరుగుల సగటు లెక్కలో ఆ పరుగును వదిలేస్తారు కానీ, ఓటమిని వదలరు. పైగా రెండో సగంలో దిగే జట్టుకు ఎన్ని పరుగులు కావాలో ముందే తెలుసు, ముందు దిగినవాళ్లకు ఒకటి చాలో రెండు కావాలో తెలియదు. ఈ రూలులో నాకు మింగుడుపడనిది ఇదే.

జపాన్‌లో ఈ తంటా లేదు. 12 ఇన్నింగ్స్ దాటితే టై, ఎవరిళ్లకు వాళ్లు. కొరియా 2025లో దాన్ని 11కు తగ్గించింది. టెస్ట్ మ్యాచ్ డ్రాలు చూస్తూ పెరిగిన మనకు ఇదేం వింత కాదు, అమెరికావాళ్లే ఫలితం లేని ఆటను ఆటే కాదంటారు. పిచర్ల వైపునుంచి చూస్తే ఇది మంచి పద్ధతి. ఇంకెన్ని ఇన్నింగ్స్ వేయించాలో మేనేజర్‌కు ముందే తెలుసు. పరుగు కూడా కష్టపడి సంపాదించిందే అవుతుంది. చిక్కు పట్టికలో వస్తుంది. 2021లో కోవిడ్ వల్ల అక్కడ అదనపు ఇన్నింగ్సే ఎత్తేశారు, టైలు పెరిగిపోయాయి. సెంట్రల్ లీగ్‌లో హాన్షిన్ 77 ఆటలు గెలిచి 56 ఓడింది. యాకుల్ట్ గెలిచింది 73, ఓడింది 52, టైలు 18. టైలను పక్కనపెట్టి శాతం చూస్తారు కాబట్టి టైటిల్ యాకుల్ట్‌కు పోయింది. నాలుగు ఆటలు ఎక్కువ గెలిచి రెండో స్థానంలో ఉన్న జట్టు అభిమానికి ఆ శాతాలు వివరించడం నావల్ల కాదు.

హోమ్ రన్ పోటీ పెట్టి తేల్చేయొచ్చు కదా అని కూడా కొందరు అడుగుతున్నారు. 2025 ఆల్‌స్టార్ ఆటను అట్లాంటాలో అలాగే తేల్చారు. కైల్ ష్వార్బర్ మూడు స్వింగులకు మూడూ బయటికి పంపాడు. పండగ ఆటకు సరదాగానే ఉంది. లెక్కలోకొచ్చే ఆటలో పెడితే 2019 లార్డ్స్ ఫైనల్ తర్వాత బౌండరీల లెక్క మీద పడ్డ తిట్లన్నీ దీనికీ పడతాయి.

మేజర్ లీగ్ కూడా ఈ రన్నర్‌ను ప్లేఆఫ్స్‌కు రానివ్వదు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, టొరంటో బ్లూ జేస్ తలపడ్డ 2025 ఫైనల్, అంటే వరల్డ్ సిరీస్, మూడో ఆట 18 ఇన్నింగ్స్, 6 గంటల 39 నిమిషాలు సాగి ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్ రన్‌తో ముగిసింది. టొరంటోలో అర్ధరాత్రి దాటి మూడు కావస్తోంది, ఇండియాలో మధ్యాహ్నం పన్నెండు దాటింది. డాడ్జర్స్ బుల్‌పెన్‌లో చివరికి మిగిలిన విల్ క్లైన్ నాలుగు ఇన్నింగ్స్ వేశాడు. రెండు రోజుల ముందే పూర్తి ఆట వేసిన యమమోటో కూడా వార్మప్ మొదలుపెట్టాడు. అది టైటిల్ కోసం ఆట, ఇంకా మిగిలినవి మహా అయితే నాలుగు ఆటలు, మధ్యలో విశ్రాంతి రోజులు కూడా ఉంటాయి. కాబట్టి అక్కడ పాత పద్ధతే ఉండాలి, అందులో నాకు అనుమానం లేదు.

మిగిలిన ఆరు నెలలకు నా ఓటు రన్నర్‌కే, కాకపోతే పదో ఇన్నింగ్స్‌లో కాదు. పది, పదకొండు ఇన్నింగ్స్ ఏ బుల్‌పెన్ అయినా మోయగలదు. అసలు నష్టం పన్నెండు దాటాకే. పదిలోనే రన్నర్‌ను నిలబెట్టడమంటే ఇంకా రాని రోగానికి మందేయడమే. పది, పదకొండు మామూలుగా ఆడనిచ్చి, పన్నెండునుంచి రన్నర్‌ను దింపితే మర్నాటి పిచర్‌కు పెద్దగా తేడా రాదు, రెండు అవుట్లు తీసి ఓడిపోయే పిచర్లూ తగ్గుతారు.