స్టారి గ్రాడ్: రాతి గోడల మధ్య సైకిల్ మీద

క్రొయేషియాలో హ్వార్ ద్వీపానికి వెళ్ళే మనవాళ్ళు చాలామంది హ్వార్ పట్టణంలోనే రూమ్ బుక్ చేస్తారు. నన్నడిగితే అదే ద్వీపంలోని స్టారి గ్రాడ్ ఊళ్ళో దిగండి. స్ప్లిట్ నగరం నుంచి కార్లెక్కించుకునే పెద్ద ఫెర్రీ రెండు గంటల్లో ఇక్కడికే వస్తుంది. హ్వార్ పట్టణంలో యాచ్‌లూ, రాత్రంతా పాటల హోరూ, దానికి తగ్గ రేట్లూ. ఇక్కడ ఇళ్ళవాళ్ళే పై అంతస్తు గదులు అద్దెకిస్తారు. మాకు దొరికిన గదిలో ఏసీ అంతంతమాత్రం గానీ వంటగది ఉంది, పప్పన్నం వండుకున్నాం.

అసలు ఇక్కడ ఉండాల్సింది మాత్రం ఊరి పక్కనున్న మైదానం కోసం. క్రీ.పూ. 384లో పారోస్ ద్వీపం నుంచి వచ్చిన గ్రీకులు ఈ నేలను కొలిచి పంచుకున్నారు. ఒక్కో కమతం సుమారు 180 మీటర్లు వెడల్పు, 900 మీటర్లు పొడవు. అంటే మన లెక్కలో 40 ఎకరాలు. ఆ హద్దులు చాలావరకు ఇప్పటికీ రాతి గోడలుగా అలాగే ఉన్నాయి. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అన్నదమ్ముల మధ్య గట్టు జానెడు జరిగిందని కోర్టుకెక్కే ఊరు మాది. ఇది చూసి నాకు నోట మాట రాలేదు.

మా ఆవిడ మాత్రం "ఇందులో చూడ్డానికేముందండీ, రాళ్ళేగా?" అంది. నిజమే, చూడగానే కళ్ళు చెదిరే చోటు కాదు. సైకిల్ దిగి గోడను దగ్గరగా చూడాలి. సున్నం, మట్టి ఏమీ ఉండవు. రెండు వైపులా పెద్ద రాళ్ళు పేర్చి, మధ్యలో చిన్నరాళ్ళు నింపారు. పొలంలో ఏరిన రాళ్ళే గోడలయ్యాయి. అక్కడక్కడ రాళ్ళతోనే గుండ్రంగా కప్పు కట్టిన చిన్న పాకలుంటాయి, 'ట్రిమ్' అంటారు. వానొస్తే రైతు తలదాచుకునేవి. వంగి లోపలికెళ్తే బయటి ఎండ మర్చిపోతాం. చుట్టూ ద్రాక్ష, ఆలివ్ తోటలు. సాగు ఇంకా నడుస్తోంది కాబట్టి కాయలు కోయకండి, గోడలెక్కకండి.

మైదానానికి టికెట్ లేదు, బోర్డులూ అంతంతే. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అద్దె సైకిల్ బ్రేకులు అక్కడే నొక్కి చూడండి, మాకిచ్చినదాని వెనక బ్రేకు పేరుకే ఉంది. నీడ తక్కువ, జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం వద్దు.

శాకాహారులు హోటల్లో 'బ్లిత్వా' అడగండి. ఆకుకూర, బంగాళదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనె. మిరపపొడి మాత్రం మీరే తెచ్చుకోవాలి.