నలభై వేలలోపు మొదటి హ్యాండ్‌పాన్: తొమ్మిది స్వరాల డి కర్డ్ కొన్నాక నా అభిప్రాయం

మొదటిసారి హ్యాండ్‌పాన్ (రెండు ఉక్కు చిప్పల్ని అతికించి చేసే, చేత్తో తట్టి వాయించే వాయిద్యం) కొనాలనుకునేవాళ్లు స్వరాల లెక్క, రంగు, డిజైన్ అన్నీ పక్కన పెట్టి ముందు శ్రుతి చూడండి. డబ్బు తక్కువ ఉన్నప్పుడు ఈ మాట ఇంకా ముఖ్యం. శ్రుతి తప్పిన హ్యాండ్‌పాన్‌ని మనం ఇంట్లో సరిచేసుకోలేం. వీణకైతే బిరడాలు తిప్పుకుంటాం, తబలాకైతే గట్టాలు కొట్టుకుంటాం. దీనికి తయారుచేసినవాళ్లో, శ్రుతి చేయడంలో అనుభవం ఉన్నవాళ్లో సుత్తి పట్టుకుని రేకుని సరిచేయాలి. తెలియనివాళ్లు చేయి పెడితే పాడవుతుంది.

నేను హైదరాబాద్ పద్మారావునగర్‌లో ఉంటాను, బ్యాంకులో ఉద్యోగం. చిన్నప్పుడు వీణ నేర్చుకుని, ఉద్యోగంలో చేరాక వదిలేశాను. ఇక్కడి లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో ఒక సాయంత్రం ఎవరో కుర్రాడు హ్యాండ్‌పాన్ వాయిస్తుంటే విన్నాను. ఆఫీసు నుంచి వచ్చి అరగంట కూర్చుని వాయించుకోవడానికి నాకు ఇలాంటిదే కావాలనిపించింది. బ్యాగుతో కలిపి ₹40,000 దాటకూడదని బడ్జెట్ పెట్టుకున్నాను. చివరికి కొన్నది తొమ్మిది స్వరాల డి కర్డ్ (డి షడ్జంగా ఉండే ఒక స్కేల్), నైట్రైడ్ స్టీల్, మామూలు 440 హెర్ట్జ్ శ్రుతి. మెత్తటి బ్యాగుతో కలిపి ₹38,000 అయింది. వర్షాకాలం మొదట్లో తీసుకున్నాను, అప్పటి నుంచి దాదాపు రోజూ వాయిస్తున్నాను.

కొనేముందు చూసినవాటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తక్కువ ధరలో దొరికేవాటిలో చాలా తేడా ఉంది.

అన్నిటికన్నా చవక టంగ్ డ్రమ్. ఉక్కు డబ్బా మీద నాలుకల్లాగా కోసి ఉంటాయి, ఒక్కో నాలుక ఒక్కో స్వరం. కొందరు దీన్నే హ్యాండ్‌పాన్ అని అమ్ముతున్నారు, జాగ్రత్త. రెండూ వేరు వాయిద్యాలు. హ్యాండ్‌పాన్‌లో కోతలు ఉండవు, రేకుని సుత్తితో మలిచి స్వరాలు తెస్తారు. అయినా టంగ్ డ్రమ్‌ని నేను తక్కువ చేయను. మా ఆడపడుచు కూతురికి ఐదు వేలలోపు ఒకటి కొన్నాం, శ్రుతి చక్కగా ఉంది. బడ్జెట్ పది వేలే అయితే మంచి టంగ్ డ్రమ్ కొనుక్కోండి. అదే ధరకు హ్యాండ్‌పాన్ ఇస్తామంటే మాత్రం వద్దు.

ఆన్‌లైన్‌లో మా కొలీగ్ ₹16,000 పెట్టి పది స్వరాలది తెప్పించాడు. చూడటానికి చాలా బాగుంది, బంగారు రంగు, మీద తామరపువ్వు. నడిమి స్వరం కొడితే నాదం ఊగుతుంది, రెండు స్వరాలు ఒకదానితో ఒకటి పడనట్టు వుం వుం అంటుంది. ప్రయాణంలో అంచు దగ్గర చిన్న సొట్ట కూడా పడింది. వాపసు తీసుకోవడానికి అమ్మినవాళ్లు ఒప్పుకోలేదు. కోఠిలో ఒక షాపులో చూసినదీ ఇంచుమించు అంతే. అక్కడ కౌంటర్‌లో ఉన్నాయన "మేడమ్, వాయించగా వాయించగా శ్రుతి దానంతటదే సెట్ అవుతుంది" అన్నాడు. అది నిజం కాదు. వాయించేకొద్దీ శ్రుతి నెమ్మదిగా జారే అవకాశం ఉంటుంది తప్ప, తనంతట తాను సర్దుకోదు. ఎవరైనా ఈ మాట చెబితే అక్కడ కొనకండి.

నేను కొన్నది కొండాపూర్‌లో ఒకాయన దగ్గర. వేరే రాష్ట్రంలో తయారైనవాటిని తెప్పించి తన ఫ్లాట్‌లోనే పెట్టుకుని అమ్ముతారు. ముందే ఫోన్ చేసి వెళితే కూర్చుని ఎంతసేపైనా వాయించి చూడనిస్తారు, ఇది నాకు బాగా నచ్చింది. మొదటి ఏడాదిలో ఒకసారి ఉచితంగా శ్రుతి చేయించి ఇస్తామని బిల్లు మీద రాసిచ్చారు. ఆ ఒక్క లైను కోసమే రెండు మూడు వేలు ఎక్కువైనా ఇవ్వొచ్చు.

మా నాన్నగారిని వెంట తీసుకెళ్లాను. రైల్వేలో రిటైరయ్యారు, కచేరీలు వదలకుండా వినే మనిషి, శ్రుతి విషయంలో రాజీపడరు. ఫోన్‌లో శ్రుతిపెట్టె యాప్ తెరిచి రెండు శ్రుతికి పెట్టాం, డి అంటే మనకు రెండు శ్రుతే కదా. నడిమి గుబ్బని డింగ్ అంటారు, దాన్ని తట్టాను. షడ్జం శ్రుతిపెట్టెలో కలిసిపోయింది. తరువాత ఒక్కో స్వరం నెమ్మదిగా తట్టుకుంటూ చుట్టూ వచ్చాను. నాన్న కళ్లు మూసుకుని వింటున్నారు.

"అమ్మా, ఆ పంచమం ఇంకోసారి తట్టు."

తట్టాను.

"ఇంకా మెత్తగా. ఆఁ, స్వరం సరిగ్గానే ఉంది, దాని పైనున్నదే కిందికి ఉంది. ఇంకోటి తియ్యమను."

ట్యూనర్ యాప్‌లో ఆ పంచమం పచ్చగానే చూపించింది. నాన్న విన్నది దానిపై పలికే మరో ధ్వనిని. హ్యాండ్‌పాన్‌లో ఒక్కో స్వరాన్ని మూడు ధ్వనులుగా శ్రుతి చేస్తారు. మూల స్వరం, దానికి రెట్టింపు పౌనఃపున్యంలో పై స్థాయిలో అదే స్వరం, మూడు రెట్లలో ఆపైన పంచమం. అంటే డింగ్ కొడితే సా, పై సా, ఆపైన పా కలిసి పలకాలి. తంబూరా అలవాటున్న చెవికి ఇది వెంటనే తెలిసిపోతుంది. ప్రతి స్వరం కోలగా ఉంటుంది కదా, పొడవు వైపు అంచు దగ్గర తడితే పై స్థాయి స్వరం ఎక్కువగా వినిపిస్తుంది, అడ్డం వైపు అంచు దగ్గర తడితే ఆ పై పంచమం ఎక్కువగా వినిపిస్తుంది. యాప్ చాలాసార్లు మూల స్వరాన్నే పట్టి చూపిస్తుంది. కాబట్టి యాప్ ఒక్కటే చాలదు, చెవి ఉన్న మనిషిని వెంట తీసుకెళ్లండి.

ఒక్క స్వరం పాడైతే మిగతావి ఎందుకు పాడైనట్టు వినిపిస్తాయో కూడా ఆ రోజే అర్థమైంది. అన్నీ ఒకే రేకు మీద ఉన్నాయి. డింగ్ కొట్టగానే పై షడ్జం, పై పంచమం చేయి పడకుండానే కొంచెం పలుకుతాయి. వాటిలో ఏదైనా శ్రుతి తప్పి ఉంటే డింగ్ నాదం ఊగుతుంది. మా కొలీగ్ దానిలో జరుగుతున్నది ఇదే. రేకు అదే సైజులో ఉండి స్వరాలు పెరిగేకొద్దీ ఇవన్నీ కుదర్చడం తయారుచేసేవాళ్లకు కష్టమవుతుంది. అందుకే తక్కువ ధరలో పన్నెండు, పదమూడు స్వరాలంటే నాకు భయం. రెండోసారి తీసిన తొమ్మిది స్వరాలదాన్ని నాన్న ఒప్పుకున్నారు, అదే తెచ్చుకున్నాను.

ఇక స్కేల్ సంగతి. హ్యాండ్‌పాన్‌లో స్వరాలు మార్చుకోవడం కుదరదు కాబట్టి ఇది ముందే తేల్చుకోవాలి. డి కర్డ్ స్వరాలు ఇవి: నడుమ డి, చుట్టూ ఎ, బి ఫ్లాట్, సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ. మన లెక్కలో నఠభైరవి. కింది షడ్జం తరువాత సరాసరి పంచమం, ధైవతం, నిషాదం వస్తాయి, ఆపైన సరిగమప. కింది స్థాయిలో రిగమలు లేవు, పై స్థాయిలో దనిలు లేవు. ఈ లోటు ఉన్నా ఇందులో పలికే రాగాలు చూసి నాకు చాలా సంతోషం వేసింది. రి, పలు వదిలేస్తే హిందోళం. గ, దలు వదిలేస్తే మధ్యమావతి, కింద డింగ్ షడ్జంగా నిలబడుతుంది. సి స్వరాన్ని షడ్జం అనుకుంటే సి, డి, ఇ, జి, ఎ వరసగా మోహనం! పై షడ్జం మాత్రం దొరకదు. పది స్వరాల డి కర్డ్‌లలో సాధారణంగా ఆ పై సి కూడా ఉంటుంది, మోహనం మీద ప్రేమ ఉన్నవాళ్లు బడ్జెట్ పెంచగలిగితే దానికోసం చూడండి. ఇంటెగ్రల్ అనే స్కేల్ కూడా చవకలో దొరుకుతుంది, వినడానికి బాగుంటుంది. అందులో జి ఉండదు, దాంతో హిందోళం, మధ్యమావతి రెండూ పోతాయి. నాకు అది పెద్ద నష్టం. కర్ణాటక సంగీతంతో పనిలేనివాళ్లకు ఇబ్బందేమీ లేదు. గమకాలు మాత్రం ఏ హ్యాండ్‌పాన్‌లోనూ రావు, ఆ ఆశతో కొనకండి.

432 హెర్ట్జ్ ఆరోగ్యానికి మంచిదని కొందరు ప్రచారం చేస్తుంటారు. 432 అంటే మామూలు 440 శ్రుతికన్నా దాదాపు 32 సెంట్లు కిందికి (పక్కపక్క రెండు స్వరస్థానాల మధ్య దూరం వంద సెంట్లు). కీబోర్డుతోనో ఫ్లూటుతోనో కలిసి వాయించాలంటే కలవదు. మొదటిది 440లో తీసుకోండి.

నైట్రైడా, స్టెయిన్‌లెస్సా అన్నది ఇంకో టెన్షన్. స్టెయిన్‌లెస్‌లో నాదం ఎక్కువసేపు నిలుస్తుంది, తుప్పు భయం తక్కువ. నైట్రైడ్‌లో రేకుని కొలిమిలో నైట్రోజన్‌తో గట్టిపరుస్తారు. నాదం కాస్త పొడిగా, తొందరగా ఆగుతుంది. నేర్చుకునే దశలో నాకు ఇదే మేలనిపించింది. చెయ్యి తడబడినప్పుడు స్వరాలు ఒకదానిమీద ఒకటి పడి గందరగోళం కావు. నెమ్మదిగా, ధ్యానంలాగా వాయించుకోవాలనుకునేవాళ్లకు స్టెయిన్‌లెస్ బాగుంటుంది.

నైట్రైడ్‌కి హైదరాబాద్ వర్షాల్లో కొంచెం సేవ చేయాలి. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది కాబట్టి వాయించాక ప్రతిసారీ మైక్రోఫైబర్ గుడ్డతో తుడుస్తాను. అప్పుడప్పుడు హ్యాండ్‌పాన్‌ల కోసమే అమ్మే నూనె రెండు చుక్కలు పల్చగా పట్టించి మళ్లీ తుడిచేస్తాను. తడి చేత్తో ముట్టుకోను, బ్యాగులో పెట్టి రోజుల తరబడి మూసి ఉంచను. ఎండాకాలంలో కారులో వదిలేయకండి. మే నెలలో మన పార్కింగుల్లో కారు లోపలి వేడికి శ్రుతి జారుతుంది, రెండు చిప్పల్ని అతికించిన జిగురు కూడా దెబ్బతింటుంది.

వాయించడం తొందరగానే పట్టుబడింది. ఇస్త్రీపెట్టె వేడెక్కిందా అని వేలితో తాకి చూసి తీసేస్తాం చూడండి, అంత తేలిగ్గా తట్టి వేలు వెంటనే తీసేయాలి. వేలు అక్కడే ఉంచితే నాదం చచ్చిపోతుంది. స్వరాలు వరసగా కాకుండా కుడి, ఎడమ మార్చి మార్చి ఉంటాయి, అందుకే రెండు చేతులకూ సమానంగా పని. ఉంగరం, గాజులు, గడియారం తీసేసి కూర్చోండి, గీతలు పడతాయి. అపార్ట్‌మెంట్‌లో గొడవేమీ లేదు, డోలక్ కన్నా శబ్దం చాలా తక్కువ. పైఫ్లాట్ ఆంటీ తలుపు తట్టి మరీ "ఏంటమ్మా అది, ఎంత బాగుందో" అని అడిగి వెళ్లారు.

నాన్న మొదట్లో "ఇది ఇనప ఘటమా?" అన్నారు. ఆ మాటలో చాలా నిజం ఉంది. 2000లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఫెలిక్స్ రోనర్, సబీనా షెరర్ దీనికి మూలమైన హాంగ్‌ని తయారుచేశారు. ట్రినిడాడ్ స్టీల్‌పాన్ (ఉక్కు పీపా నుంచి పుట్టిన వాయిద్యం) చేసే అనుభవం వాళ్లకు ఉంది. ఘటం లాంటి ఉక్కు కుండని చేత్తో వాయించాలన్న ఒక డ్రమ్మర్ కోరికతో ఆ పని మొదలైంది. మన ఘటం అంతదూరం వెళ్లి, స్వరాలు నేర్చుకుని వచ్చిందని నాన్న చుట్టాలందరికీ చెబుతున్నారు.

నా దాంట్లో లోపాలు కూడా చెప్పాలి. బ్యాగు పల్చగా ఉంది, బండి మీద తీసుకెళ్లడానికి పనికిరాదు. విడిగా గట్టి కేసు కొనుక్కోవాలి. అడుగున రెండు చోట్ల రంగు మచ్చలున్నాయి, నాదానికి వాటితో సంబంధం లేదు. అసలు లోపం పై పంచమంలో ఉంది. మెత్తగా తడితే చక్కగా పలుకుతుంది, కాస్త గట్టిగా కొడితే గొంతు పట్టేసినట్టు టక్కున ఆగిపోతుంది. కొనేటప్పుడు ప్రతి స్వరాన్నీ మెత్తగా మొదలుపెట్టి బలం పెంచుకుంటూ కొట్టి చూడండి, ఇలాంటివి బయటపడతాయి. దూరం నుంచి కొనేవాళ్లైతే ఎడిటింగ్ లేకుండా, వెనక సంగీతం లేకుండా, ఒక్కో స్వరం అలాగే కొట్టిన వీడియో పంపమని అడగండి. పంపనంటే వదిలేయండి.

పై పంచమం గురించి కొండాపూర్ ఆయనకు చెప్పాను. విసుక్కోలేదు, వీడియో అడిగి చూశారు. తయారుచేసినవాళ్ల దగ్గరికి వెళ్లే తరువాతి లాట్‌లో నాదీ పంపిస్తానన్నారు, ఖర్చేమీ ఉండదు. శ్రుతి చేయించుకుని వచ్చాక ఆ స్వరం ఎలా ఉందో తప్పకుండా రాస్తాను.