నల్లగొండ పచ్చళ్ల దుకాణం: పొడులకు వంద మార్కులు, ప్యాకింగ్‌కు ముప్పై

మార్చి చివర్లో జపాన్‌కు బయల్దేరే ముందు క్లాక్ టవర్ దగ్గరి ఓ సందులో ఉన్న పచ్చళ్ల దుకాణంలో ఎనిమిది కిలోల సరుకు కొన్నాను. ఇప్పుడు ఆగస్టు సెలవులకు ఇంటికొచ్చి మళ్లీ అక్కడికే వెళ్లాను. దుకాణం పేరు మాత్రం రాయను, తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

నేనుండేది షిమానెలో, కొండల మధ్య చిన్న ఊరు. షిమానె అంటే మన రాష్ట్రం లాంటిది. అలాంటి వాటిల్లో జపాన్‌లో జనం అతి తక్కువగా ఉన్నది తొట్టోరి, దాని తర్వాత మాదే. రెండు బడుల్లో అక్కడి ఇంగ్లిష్ టీచర్‌కు తోడుగా పాఠం చెప్తాను. ఒక తరగతిలో తొమ్మిది మందే పిల్లలు. సాయంత్రం ఐదింటికి ఊరి మైకుల్లో పాట వస్తుంది, ఆ తర్వాత కప్పల చప్పుడే. అలాంటి చోట పచ్చడి అయిపోతే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు గల్లా దగ్గరున్న పెద్దమ్మ అడిగింది.

"ఎటు పోతున్నవ్ బిడ్డా, అమెరికానా?"

"జపాన్ పెద్దమ్మా."

"అయితే నాటుకోడి పచ్చడి తీస్కపో. సీల్ జేసి ఇస్త, ఎవ్వడు పట్టడు."

ఈ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. జపాన్‌లోకి మాంసం ఏ రూపంలోనూ తీసుకెళ్లనివ్వరు. పచ్చడి చేసినా, సీల్ చేసినా ఒకటే. పట్టుబడితే జరిమానా 30 లక్షల యెన్ల దాకా ఉండొచ్చు, జైలు కూడా పడొచ్చు. కరివేపాకు రెబ్బలు కూడా అమ్మ సూట్‌కేసులో పెడితే తీసేశాను. మన ప్రభుత్వం ఇచ్చే తనిఖీ పత్రం లేకుండా పచ్చి ఆకులు తీసుకెళ్లనివ్వరు.

ఇక ప్యాకింగ్. గోంగూర కిలో 400 రూపాయలు, రుచికి వంక పెట్టలేను. కానీ కవరు మూతికి నూనె అంటుకున్నాక దాని మీదే సీల్ కొట్టారు. నూనె ఉన్నచోట ప్లాస్టిక్ సరిగ్గా అతుక్కోదు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి ఒసాకా, మళ్లీ బస్సు. ఇల్లు చేరి సూట్‌కేసు తెరిస్తే రెండు చీరలు, ఒక స్వెటర్ గోంగూర రంగు. ఎత్తి పక్కన పెట్టేలోపే నూనె తతామి మీద కారింది. తతామి అంటే గడ్డితో అల్లిన చాప లాంటిది, గది నేలంతా అదే. అద్దె ఇల్లు, వచ్చి రెండు గంటలు కాలేదు. ఏడుపొచ్చింది.

అప్పుడే పక్కింటి ముసలమ్మ ముల్లంగి ఇవ్వడానికి వచ్చింది. ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికెళ్లి గోధుమపిండి తెచ్చి మరక మీద చల్లింది. పిండి నూనె పీల్చుకున్నాక ఊడ్చేసింది. కవర్లో మిగిలిన నూనెను సింకులో పోయబోతే చేయి పట్టుకుంది. అక్కడ నూనెను గడ్డ కట్టించే పొడి సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది. వేడి నూనెలో అది కలిపి, చల్లారి గడ్డయ్యాక చెత్తలో వేస్తారు. మిగిలిన గోంగూర కొంచెం అన్నంలో పెట్టి ఇస్తే తిని "ఉమెబోషి" అంది. అది ఉప్పులో ఊరేసిన పుల్లటి కాయ. పులుపు పోలిక సరిగ్గానే పట్టింది.

పొడుల గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. నువ్వుల పొడి నెంబర్ వన్. జపాన్ వాళ్లు అన్నం మీద చల్లుకునే ఫురికాకె అని ఒకటుంటుంది, నువ్వులు, సముద్రపు నాచు కలిపి చేస్తారు. ఒకరోజు పాఠంలో మన పొడి డబ్బా మూత తీసి పిల్లలకు వాసన చూపించాను. "ఫురికాకె!" అని అరిచారు. అలర్జీల భయంతో తినడానికి మాత్రం పెట్టనివ్వరు. కందిపొడి అక్కడి అన్నంతో కుదరలేదు. ఆ బియ్యం జిగట, పొడి ఉండలు కడుతుంది. వెన్న కొని నెయ్యి కాచుకున్నా అంతే. అది దుకాణం తప్పు కాదులెండి, కానీ అక్కడికి వెళ్లేవాళ్లు కందిపొడి తగ్గించి నువ్వుల పొడి ఎక్కువ తీసుకోండి.

సకినాలు స్టాఫ్‌రూమ్ కోసం కొన్నాను. ఊరి నుంచి వస్తే తోటి టీచర్లకు ఏదైనా తేవడం అక్కడి మర్యాద, అదీ ఒక్కొక్కరికి విడిగా చుట్టి ఉండాలి. నా సకినాలు మాత్రం రవ్వ అయ్యి చేరాయి. చెంచాతో ఎలా పంచుతాం?

మొన్న వెళ్లి ఇదంతా పెద్దమ్మకు చెప్పాను. ముందు "మా దగ్గర అట్ల కాదు" అంది. ఫోన్లో చీర ఫొటో చూపిస్తే మాట్లాడలేదు. ఈసారి గోంగూర పావుకిలో కవర్లలో, మూతి గుడ్డతో తుడిపించి, రెండుసార్లు సీల్ కొట్టించుకున్నాను. సకినాలు రెండేసి చొప్పున పదిహేడు ప్యాకెట్లు కట్టి అట్టడబ్బాలో సర్దింది. "పెండ్లి పంపకమా" అని నవ్వింది కానీ అదనంగా ఏమీ తీసుకోలేదు.

ఇంటికొచ్చి కవర్లన్నీ పేపర్ మీద తలకిందులుగా పెట్టి పడుకున్నాను. మీరూ అలాగే చేయండి. పొద్దున చూస్తే పన్నెండింటిలో ఒకదాని కింద నూనె మరక. పట్టుకెళ్తే నసుగుతూనే మార్చి ఇచ్చింది.