రూట్ 66: ఆరేళ్లలో ఐదు విడతలు

అమెరికాలో షికాగో నుంచి కాలిఫోర్నియా తీరంలోని శాంటా మోనికా దాకా పోయే పాత హైవే రూట్ 66. దాన్ని ఒకే ఊపులో నడపడం మా వల్ల కాలేదు. సెలవు దొరికినప్పుడల్లా కొంచెం కొంచెంగా, ఆరేళ్లలో ఐదు విడతలుగా పూర్తి చేశాం. ముందే చెప్పేస్తాను, ఇప్పుడది ఒకే రోడ్డుగా లేదు. 1926లో నంబరిచ్చిన ఈ హైవేని 1985లో హైవేల జాబితాలోంచి తీసేశారు. ఒకచోట ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాల్ని కలిపే పెద్ద హైవే) పక్కన సర్వీసు రోడ్డు, ఇంకోచోట ఊరి మెయిన్ వీధి, మరోచోట కంచె దగ్గర ఆగిపోయే పాత తారు.

జీపీఎస్‌ని మాత్రం నమ్మొద్దు. సందు దొరికితే చాలు, ఐ-40 అనే ఇంటర్‌స్టేట్ ఎక్కించేస్తుంది. టెక్సస్‌లో సగం మాకు అలాగే పోయింది. అమరిల్లో దగ్గర 1974లో ముక్కులు నేలలో పాతిపెట్టిన పది కాడిలాక్ కార్లు మాత్రం చూశాం. వాటికి ఎవరైనా రంగు కొట్టొచ్చు. మావాడు కార్ల కంటే చొక్కాకే ఎక్కువ కొట్టుకున్నాడు. ఆ తర్వాత మలుపు మలుపూ రాసున్న మ్యాపు పుస్తకం కొన్నాం. మా ఆవిడ చదవడం, నేను తిప్పడం.

ఓక్లహోమాలో మయామి (అక్కడివాళ్లు 'మయామా' అంటారు) దాటాక 1922 నాటి రోడ్డు ముక్క ఉంది. వెడల్పు తొమ్మిదడుగులే. ఎదురుగా పికప్ వచ్చింది. ఇద్దరం చెరోవైపు చక్రాలు కంకరలోకి దింపాం. ఆయన స్టీరింగ్ మీంచి రెండు వేళ్లెత్తి, దుమ్ము మా మీదికి వదిలి వెళ్లిపోయాడు. అద్దె కారైతే ఒప్పందం ముందే చదవండి. తారు లేని రోడ్డు ఎక్కకూడదన్న షరతు మాకు చివరి పేజీలో కనిపించింది, అదీ తిరిగొచ్చాక.

ఒక్క ముక్కకే తీరికుంటే అరిజోనాకి వెళ్లండి. 1978లో ఇంటర్‌స్టేట్ పక్కనుంచి పోవడంతో సెలిగ్‌మన్ అనే ఊళ్లో బేరాలు పడిపోయాయి. అక్కడ బార్బర్ షాపు నడిపే ఏంజెల్ డెల్గడీయో 1987లో నలుగురినీ కూడగట్టి, పాత రోడ్డుకి చారిత్రక గుర్తింపు తెప్పించాడు. కింగ్‌మన్ దాటాక ఓట్‌మన్ ఘాట్ మొదలవుతుంది. 40 అడుగులు మించిన బండిని అటు వెళ్లనివ్వరు. కొన్ని మలుపుల్లో పక్కన రెయిలింగే ఉండదు, నాకైతే అరచేతులు తడిసిపోయాయి. తీరా ఊళ్లోకి దిగితే గనుల కాలం గాడిదల సంతతి నడిరోడ్డు మీద నిలబడి ఉంది. అద్దం దించిన పాపానికి ఒకటి మూతి లోపల పెట్టి స్టీరింగ్ నిండా జొల్లు కార్చింది.

శాంటా మోనికా పీర్ (సముద్రంలోకి కట్టిన వంతెన) మీద 'ఎండ్ ఆఫ్ ద ట్రైల్' బోర్డు దగ్గర ఫోటోకి పెద్ద క్యూ. నిజానికి ఆ హైవే పీర్ దాకా రాలేదు, లింకన్, ఒలింపిక్ వీధుల కూడలి దగ్గరే ఆగింది. అక్కడికీ వెళ్లాం. మేం తప్ప ఫోటో తీసుకునేవాళ్లు ఒక్కరూ లేరు.