బీమా అంబుడ్స్‌మన్ సేవ ఎలా ఉంది: క్లెయిమ్ కొట్టేసినవాళ్ల కోసం ఒక సమీక్ష

ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే కొందరు వెంటనే వకీలు కోసం వెతుకుతారు. ఎక్కువమంది మన రాత ఇంతేనని ఊరుకుంటారు. ఈ రెండూ చేసేముందు చూడాల్సిన తలుపు బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి. 2017 నాటి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ రూల్స్ కింద ఇది పనిచేస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం వాళ్లకి హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఆఫీసు ఉంది. ఫీజు లేదు, స్టాంపు లేదు. మన తరఫున వకీలు హాజరు కావడానికి వీల్లేదు. పాలసీదారు గానీ, వారసులు గానీ, నామినీ గానీ, పాలసీ బదిలీ చేయించుకున్నవారు గానీ స్వయంగా చెప్పుకోవాలి. బ్యాంకు, బీమా వివాదాల్లో మామూలు మనిషి చేతికి అందే వేదికల్లో దీన్నే ముందు వరుసలో పెడతాం. అయితే అక్కడికి వెళ్లాక గెలుద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది. వెళ్లకముందు కంపెనీకి రాసే ఒక్క ఉత్తరంలోనే కేసు సగం తేలిపోతుంది.

ముందు ఈ సేవ ఎవరికి కాదో చెప్పాలి. వ్యక్తులు తీసుకున్న పాలసీలు, గ్రూప్ పాలసీలు, సొంత యజమాని నడిపే వ్యాపారాలు, మైక్రో సంస్థల పాలసీలు మాత్రమే ఇక్కడ నడుస్తాయి. చిన్న వ్యాపారాల నమోదుకి ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్‌లో మైక్రో అని ఉంటే దాని కాపీ మొదటి రోజే జత చేయండి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గోడౌన్ కాలిపోయి కోట్లలో ఫైర్ క్లెయిమ్ ఉంటే ఇక్కడ టైమ్ పోగొట్టుకోకండి. ఆ దారి వేరు. 2015 నాటి కమర్షియల్ కోర్ట్స్ చట్టంలో బీమా వివాదం కూడా వాణిజ్య వివాదమే, విలువ 3 లక్షల నుంచి మొదలవుతుంది. అత్యవసర తాత్కాలిక ఉత్తర్వు అవసరం లేని దావాకి ముందుగా మీడియేషన్‌కి (మధ్యవర్తి దగ్గర రాజీ ప్రయత్నానికి) వెళ్లి తీరాలి. అలా వెళ్లకుండా వేసిన దావా నిలవదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

మనకి పనికొచ్చే దారికి వద్దాం. అంబుడ్స్‌మన్ దగ్గర ఎక్కువగా వెనక్కి వచ్చే ఫిర్యాదులు ఒకే కారణంతో వస్తాయి: కంపెనీకి రాతపూర్వకంగా మొర పెట్టుకోకుండా నేరుగా రావడం. టీపీఏ (కంపెనీ తరఫున హెల్త్ క్లెయిములు చూసే ఏజెన్సీ) పంపిన తిరస్కరణ మెయిల్ ఒక్కటి పట్టుకొచ్చి ఫిర్యాదు వేస్తే సరిపోదు. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి విడిగా రాయాలి, నెల రోజులు ఆగాలి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా అప్పుడు మీకు అర్హత వస్తుంది. అక్కడి నుంచి ఒక ఏడాది గడువు. దాటితే సరైన కారణం చూపించి ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు. మన్నించడం మాత్రం అంబుడ్స్‌మన్ ఇష్టం, కంపెనీ అభ్యంతరం కూడా వింటారు.

ఆ ఉత్తరాన్ని మెయిల్‌లో పంపి, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. టోకెన్ నంబర్ వస్తుంది, తేదీ మీద తర్వాత ఎవరూ వాదించలేరు. కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేశారో రాసుకున్న చిట్టా ఈ పనికి రాదు.

ఉత్తరంలో ఆవేదన రెండు వాక్యాలకి మించొద్దు. పాలసీ నంబర్, క్లెయిమ్ నంబర్, తిరస్కరణ తేదీ, కంపెనీ ఎత్తి చూపిన క్లాజు యథాతథంగా, ఆ క్లాజు మీకు ఎందుకు వర్తించదో ఒక్కో కాగితాన్ని చూపిస్తూ, చివర అడుగుతున్న మొత్తం పైసలతో సహా. హెల్త్ పాలసీ అయితే ఇంకో ప్రశ్న తప్పక వేయండి: ఈ క్లెయిమ్‌ని కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ చూసిందా? ఐఆర్‌డీఏఐ 2024 మే 29 నాటి మాస్టర్ సర్క్యులర్ ప్రకారం ఆ కమిటీ గానీ, ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్ కమిటీ గానీ ఆమోదించకుండా హెల్త్ క్లెయిమ్ తిరస్కరించకూడదు. తిరస్కరణకి పాలసీలోని ఏ షరతు ఆధారమో కూడా చెప్పాలి. ఈ ప్రశ్నకి జవాబు దాటవేస్తే ఆ మౌనమే మీ ఫైల్లో ఒక కాగితం.

కంపెనీ తిరస్కరణ లేఖని అక్షరం అక్షరం చదవండి. ఆ లేఖలో చెప్పని కొత్త కారణాన్ని తర్వాత విచారణలో తెచ్చిపెట్టకూడదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది. లేఖలో వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక కొన్ని జబ్బులకి కవరేజీ రాని మొదటి కాలం) అని రాసి, విచారణలో పాత జబ్బు దాచారని మొదలుపెడితే వెంటనే అడ్డుకోవాల్సింది మీరే.

హెల్త్ క్లెయిముల్లో పేచీ అంతా పాత జబ్బు దాచారన్న దగ్గరే. దీనికి మూలం చాలాసార్లు హాస్పిటల్ కేస్‌షీట్ మొదటి పేజీ. అడ్మిషన్ హడావుడిలో డ్యూటీ డాక్టర్ "బీపీ పదేళ్లుగా" అని రాసేస్తారు, నిజానికి ఏడాది కూడా అయి ఉండదు. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి పెట్టుకుని వాదిస్తే దీన్ని ఎదుర్కోలేరు. ఇన్‌డోర్ కేస్ పేపర్లన్నీ (హాస్పిటల్‌లో ఉన్నన్నాళ్లూ రాసిన చికిత్స రికార్డు) తీసుకోండి. చికిత్స చేసిన డాక్టర్‌తో లెటర్‌హెడ్ మీద సవరణ లేఖ రాయించండి, దాన్ని బలపరిచే మొదటి ఓపీ చీటీ, పాత ల్యాబ్ రిపోర్టులు జత చేయండి. ఆధారం లేని సవరణ లేఖని ఎవరూ నమ్మరు, నమ్మాలని ఆశించడం కూడా తప్పే.

పాలసీ అరవై నెలలు ఆగకుండా నడిచి ఉంటే, మోసం రుజువు చేస్తే తప్ప, దాచారన్న కారణంతో హెల్త్ క్లెయిమ్‌ని కొట్టేయడానికి లేదు. ఇంతకుముందు ఇది ఎనిమిదేళ్లు ఉండేది, 2024లో తగ్గించారు. పోర్టబిలిటీ మీద, అంటే ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పాలసీ మార్చుకుని వచ్చినవాళ్లు పాత కంపెనీ పాలసీ కాపీలన్నీ దాచుకోవాలి, నెలలు లెక్కపెట్టేది వాటితోనే.

లైఫ్ పాలసీల్లో ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ మూడేళ్ల తర్వాత పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించనివ్వదు. ఇక్కడ ఒక గుంట ఉంది. ప్రీమియం కట్టక లాప్స్ అయిన పాలసీని రివైవ్ చేయిస్తే (మళ్లీ నడిపిస్తే) మూడేళ్ల లెక్క రివైవల్ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. పదేళ్ల పాత పాలసీ కదా అని ధీమాగా ఉన్న కుటుంబాలు ఇక్కడే చిక్కుకుంటాయి. వాహనం దొంగతనం కేసుల్లో పోలీసులకి వెంటనే ఫిర్యాదు ఇచ్చి ఉంటే, కంపెనీకి చెప్పడంలో ఆలస్యం ఒక్కటే తిరస్కరణకి సరిపోదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

ఇక సేవ తీరు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, వీడియోలో హాజరు కావొచ్చు. 2021 సవరణతో వచ్చిన ఈ మార్పు శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్నవాళ్లకి నిజమైన మేలు. ఫిర్యాదు నమోదయ్యాక వివరాల ఫారం, సమ్మతి పత్రం అడుగుతారు. ఇవి ఆలస్యం చేయొద్దు. మూడు నెలల్లో అవార్డు (అంబుడ్స్‌మన్ తీర్పు) అన్న నియమం మీ దగ్గర నుంచి అడిగినవన్నీ అందిన రోజు నుంచి మొదలవుతుంది, ఫిర్యాదు పెట్టిన రోజు నుంచి కాదు. కంపెనీ తన వాదనని సెల్ఫ్ కంటెయిన్డ్ నోట్ రూపంలో పంపుతుంది. దాని కాపీ మీకు చేరకపోతే అడిగి తెప్పించుకోండి. చదవకుండా విచారణలో కూర్చుంటే కొత్త మాట వినిపించినా గుర్తుపట్టలేరు.

విచారణ క్లుప్తంగా సాగుతుంది. సాక్షుల్ని పెట్టి క్రాస్ ఎగ్జామిన్ చేసే కోర్టు కాదిది. ఐదు నిమిషాల్లో చెప్పగలిగేలా ఒక పేజీ తేదీల పట్టిక తయారుచేసుకోండి. సంతకం ఫోర్జరీ, పెద్ద స్థాయి మోసం లాంటి లోతైన సాక్ష్యం కావాల్సిన గొడవలకి ఈ వేదిక చాలదు. ఇరువైపులా ఒప్పుకుంటే రాజీ సిఫారసు కూడా చేస్తారు. ఒప్పుకునే ముందు మొత్తాన్నీ, వడ్డీనీ రాతలో చూసుకోండి.

అంబుడ్స్‌మన్ ఇప్పించగల మొత్తం పరిమితి విషయంలో 2023 నవంబర్ సవరణ మేలు చేసింది, 30 లక్షల పరిమితి 50 లక్షలైంది. ఖర్చులు కూడా దీనిలోపే. మాకు నచ్చనిది, నేరుగా జరిగిన నష్టానికి మించి ఇక్కడ ఇవ్వరు. మానసిక వేదనకి పరిహారం కావాలంటే కన్స్యూమర్ కమిషన్‌కే వెళ్లాలి. అక్కడ జిల్లా, రాష్ట్ర స్థాయి నిర్ణయించేది కట్టిన ప్రీమియం, సమ్ ఇన్సూర్డ్ (బీమా చేసిన మొత్తం) కాదు. కాబట్టి కోటి రూపాయల టర్మ్ పాలసీ కేసు కూడా సాధారణంగా జిల్లా కమిషన్‌లోనే మొదలవుతుంది.

రెండు వేదికల వరస మాత్రం తారుమారు చేయకండి. కన్స్యూమర్ కమిషన్‌లోనో కోర్టులోనో అదే విషయం మీద కేసు ఉంటే అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. ఇక్కడి నుంచి అక్కడికి మాత్రం వెళ్లొచ్చు: అంబుడ్స్‌మన్ అవార్డు కంపెనీని కట్టేస్తుంది గానీ మిమ్మల్ని కట్టేయదు, నచ్చకపోతే కమిషన్‌కి వెళ్లొచ్చు. కానీ కమిషన్‌కి రెండేళ్ల కాలపరిమితి ఉంది. తిరస్కరణ తేదీ నుంచే లెక్కపెట్టుకుని, అంబుడ్స్‌మన్ దగ్గర జరిగిన కాలం కలిసొస్తుందన్న భరోసా పెట్టుకోకుండా నడుచుకోండి.

బ్యాంకులో ఎఫ్‌డీ అని చెప్పి పాలసీ అంటగట్టిన సందర్భంలో ఫిర్యాదు ఒక్కచోటే వేసి వదిలేయకండి. పాలసీ రద్దు, ప్రీమియం వాపసు బీమా కంపెనీ మీద ఇక్కడ అడగాలి. అనుమతి లేకుండా ఖాతాలోంచి డబ్బు తీసుకున్నందుకు బ్యాంకు మీద ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గర విడిగా అడగాలి.

వకీలు రాకూడదు కదా, అవసరమే లేదా అంటే, కంపెనీకి రాసే మొదటి ఉత్తరానికి మాత్రం ఒకసారి చూపించుకోవడం మంచిది. మొత్తం కేసు ఫీజు కట్టనక్కర్లేదు. క్లాజు చదివి జవాబు రాయించుకోవడానికి అయ్యే ఖర్చే చాలు.

అవార్డు వచ్చాక అది కంపెనీకి చేరిన తేదీ తెలుసుకుని రాసిపెట్టుకోండి. ముప్పై రోజుల్లో అమలు చేయాలి. చెల్లించాల్సిన రోజు నుంచి వడ్డీ మీకు రావాలి. గడువు దాటితే రోజుకి 5,000 రూపాయల చొప్పున కంపెనీ మీకు ఇవ్వాలని 2024 సర్క్యులర్ చెబుతోంది. చాలామంది అసలు మొత్తం ఖాతాలో పడగానే ఫైలు మూసేస్తారు. ముప్పై ఒకటో రోజున వడ్డీ లెక్క, ఆలస్యం లెక్క విడివిడిగా వేసి గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ చేయండి, కాపీ అంబుడ్స్‌మన్ ఆఫీసుకి పెట్టండి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అని ఉన్న డిశ్చార్జ్ వోచర్ (ఇక ఏమీ రావాల్సింది లేదని రాసిచ్చే రసీదు) మీద ఈ లెక్క తేలకముందు సంతకం చేయొద్దు.